దొర తిట్టిన పేరు

హిబ్బర్ట్ దొరకి ఎంత కోపం వచ్చినా అమ్మని గానీ ఆలిని గానీ ఎత్తి తిట్టేవాడు కాదు. ఆ సంగతి మలాయ్ దేశంలో సుంగై సుమున్ దగ్గరి ఆ కొబ్బరి తోటలో అందరికీ తెలుసు, అందరూ కిరాణీ అని పిలిచే తోట గుమస్తా కాంతయ్యకి మరీ బాగా తెలుసు. దొర మలాయ్ మాట్లాడగలడు, అరవం మాట్లాడగలడు, తెలుగులో రా, పో, తొందరగా అన్నంత వరకూ వచ్చు. తిట్టవలసి వచ్చినప్పుడు మాత్రం ఆయనకి సొంత ఊరు గుర్తొచ్చేది. తెలివితక్కువవాణ్ణి వాళ్ళ తాతల కాలంలో ఏమేమి అనేవారో ఆ మాటలన్నీ మూటగట్టి తెచ్చుకున్నాడు కాబోలు. పొద్దున్నే మనుషుల్ని నిలబెట్టి హాజరు వేసుకుని పనికి పంపే పెరట్టులో రోజుకొకటి విప్పేవాడు.

పన్నెండేళ్ళుగా వింటూ వింటూ కాంతయ్య ఆ మాటలకి మెట్లు కట్టుకున్నాడు. డఫర్ అన్నాడంటే భయం లేదు, వీపు తట్టినట్టే. బూబీ అంటే కొంచెం చికాకు. ట్విట్ అన్నాడంటే ఆ పూట ఎదటపడకుండా ఉండడం మంచిది. క్లాట్ అనిపించుకున్నవాడికి మర్నాడు కాలవల్లో బురద తీసే పని పడుతుంది. అన్నిటికీ పైమెట్టు నింకంపూప్. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారే పడింది, అది లారీ తోలే తంగరాజు మీద. బ్రేకు వెయ్యకుండా దిగిపోయి, కొత్తగా నాటిన మొక్కల మీదుగా లారీని కాలవలోకి పంపిన రోజున. దాని అర్థం తంగరాజుకి తెలియదు. దొర మెడనరాలు చూసి దాని బరువు తెలుసుకున్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నిజానికి అన్ని మాటలకీ అర్థం ఒకటే, బుద్ధిలేనివాడు అని. ఒక్క అర్థానికి ఇన్ని మాటలు ఎందుకో, ఆ దేశంలో బుద్ధిలేనివాళ్ళు ఎక్కువో, లేక వాళ్ళ మీద ప్రేమ ఎక్కువో అని కాంతయ్య అప్పుడప్పుడు అనుకునేవాడు. మళ్ళీ తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. దేవుడికి వెయ్యి పేర్లున్నప్పుడు ఆయన చేసిన వెర్రివాడికి ఒక డజను ఉంటే తప్పేముంది. కాంతయ్య ఎక్కువ చదువుకోలేదు గానీ భక్తిపరుడు. రామభజన మందిరంలో పొద్దున దీపం పెట్టేదీ ఆయనే, తోటలో పుట్టిన ప్రతి బిడ్డకీ తిథి చూసి పేరు చెప్పేదీ ఆయనే.

ఆ పేర్లే ఆయన మెడకి చుట్టుకున్నాయి.

అది యాభై రెండో సంవత్సరం. అడవిలో తిరుగుబాటుదారులున్నారని తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు, గేటు దగ్గర పోలీసుల్ని పెట్టారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం దాలమ్మ పన్నెండు రోజుల పిల్లని ఎత్తుకుని ఆఫీసు వెనక వసారాలోకి వచ్చింది. దాలమ్మ మొగుడు సన్యాసి తూము కాపలాదారు. సముద్రం పోటుకి వచ్చినప్పుడు ఉప్పునీరు తోటలోకి రాకుండా తూము తలుపు దించడం, ఆటుకి వెళ్ళినప్పుడు ఎత్తడం అతని పని. దాలమ్మ వెనకే, తోటలో సగం మందికి పురుడు పోసిన నూకమ్మ ముసలమ్మ కూడా వచ్చి, అడక్కుండానే బల్ల మీద కూర్చుంది.

దాలమ్మకి ఇది నాలుగో కాన్పు. మొదటి ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. ముగ్గురికీ కాంతయ్యే పేర్లు పెట్టాడు. మొదటి పిల్ల సౌభాగ్యలక్ష్మి, రెండోది ఆయుష్మతి. మూడోవాడికి మరీ జాగ్రత్తపడి చిరంజీవి అని పెట్టాడు. వాడు పందొమ్మిది రోజులున్నాడు.

"నీ పేర్లు మంచియే, కిరాణీ బాబూ" అంది దాలమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే కాంతయ్య తల ఎత్తలేకపోయాడు. "మంచియి గాబట్టే ఆ యముడు పిలిస్తే ఎల్లిపోనారు. దీనికి నువ్వు మంచిపేరు ఎట్టొద్దు."

ఏం చెయ్యాలో నూకమ్మ చెప్పింది. వాళ్ళ దేశంలో, అంటే ఆమె చిన్నప్పుడు ఓడెక్కి వచ్చిన విశాఖపట్నం పక్క పల్లెలో, పిల్లలు దక్కని ఇంట బిడ్డ పుడితే తీసుకెళ్ళి పెంట మీద దొర్లించేవారు. సంబంధం లేని మనిషెవరో వచ్చి చేటలో తవుడు పోసి ఆ బిడ్డని కొన్నట్టు చేసి, నోటికొచ్చిన నీచపు పేరొకటి పెట్టేవారు. పనికిమాలిన సరుకనుకుని యముడు పక్కింటికి పోతాడు. అయితే ఇక్కడ చిక్కొచ్చింది. చెత్తకుప్పని డాక్టరుగారి ఉత్తర్వు మీద కంచె అవతలికి మార్చారు. అడవిలోవాళ్ళకి చేరుతుందని గేటు దగ్గర పోలీసు గుప్పెడు బియ్యాన్నే బయటికి పోనివ్వడు, పసిబిడ్డని చెత్తలో దొర్లించి తీసుకొస్తామంటే పోనిస్తాడా.

"పోనీ పెంటమ్మ అని ఊరికే పిలుచుకోండి" అన్నాడు కాంతయ్య.

"కూలోళ్ళ మీద పెత్తనం సేసే పెంటయ్య కంగాణీకి రెండు సైకిళ్ళు ఉన్నాయి" అంది నూకమ్మ. "ఇంక ఆ పేర్లో నీచమెక్కడున్నాది? ఆ పేరు యముడికీ తెలిసిపోనాది."

కాబట్టి కొత్త పేరు కావాలి. సముద్రం అవతలి మనిషి, ఏ చుట్టరికమూ లేనివాడు, పిల్ల ముఖం మీద కసిరి అనాలి. అటువంటి మనిషి తోటలో ఒక్కడే ఉన్నాడు. ఆయన దగ్గర అటువంటి మాటలకి కొదవ లేదు.

కాంతయ్య ముందు దొర గది వైపు చూశాడు. అయినా అడిగారు కాబట్టి మాటలన్నీ చెప్పి వాటి మెట్లు వివరించాడు. డఫర్ చాలదంది నూకమ్మ, అది తమ్ముణ్ణి అన్నట్టుందిట. చంప్ అనేది ఒకటుందనగానే దాలమ్మ పిల్లని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది, మాట వినబడిన తీరుకే ఆమెకి ఒళ్ళు జలదరించింది. చివరికి దాలమ్మే తంగరాజుకి అన్నం మాన్పించిన మాట ఏదని అడిగి, అదే కావాలని తేల్చింది.

"రెండురోజులు బువ్వ తిననీకుండా సేసినాదంటే అది గట్టి మాటే, బాబూ. బారసాల లోపల అనిపించెయ్."

మర్నాడు పెరట్టు అయ్యాక దాలమ్మ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడింది. పొద్దున్నే అప్పటికి దొర ఇద్దర్ని ట్విట్టనీ ఒకణ్ణి క్లాటనీ అని మంచి ఊపు మీదున్నాడు. కాంతయ్య ఆశపడ్డాడు. దొర మెట్ల దాకా వచ్చి ఆ మూటలోకి చూశాడు. చూసి టోపీ తీశాడు. వంగి పిల్ల గుప్పిట్లో తన చూపుడువేలు పెట్టాడు. ఎరుపెక్కిన ఆ ముఖం మీద కాంతయ్య ఎప్పుడూ చూడని నవ్వు వచ్చింది. మెత్తగా ఏదో అని, లోపలికి వెళ్ళి పాలడబ్బా ఒకటి తెచ్చి దాలమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

దాలమ్మ ఆశగా ఏటన్నాడని అడిగింది. కాంతయ్య అబద్ధమాడే మనిషి కాదు. చిన్న యువరాణిలా ఉందన్నాడని చెప్పాడు.

దాలమ్మ ముఖం పాలిపోయింది. పేరైనా లేని పిల్లని నీలికళ్ళ మనిషి నడిబజార్లో పొగిడాడు. నూకమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చి మూడుసార్లు దిగదుడిచింది. అయినా సాయంత్రానికి పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. మర్నాటికి పాలు తాగడం మానేసింది, ఏడవడం కూడా మానేసింది. తోట ఆస్పత్రి డ్రెస్సరు పళనిసామి మందు కలిపి ఇచ్చాడు. దాలమ్మ ఆ మందు వేళకి వేస్తూనే ఉంది. మందు పని మందుది, మాట పని మాటది అని ఆమె లెక్క.

ఇక కాంతయ్యే ఏదో ఒకటి చెయ్యాలి. ఆయనకి తోచిన ఉపాయం ఒకటే. దొరకి తన మీద కోపం తెప్పించాలి. ఆ కోపం పైమెట్టుకి ఎక్కే వేళకి దాలమ్మ పిల్లతో గదిలోకి రావాలి. దేవుడికి దణ్ణం పెట్టుకుని, క్షమాపణ చెప్పుకుని, ఆ రోజు కౌలాలంపూర్ పెద్దాఫీసుకి పోవలసిన ఉత్తరాలన్నీ కార్బన్ కాగితం తిరగేసి పెట్టి టైపు చేశాడు. నకలు పడవలసిన అక్షరాలన్నీ అసలు ఉత్తరం వీపు మీద అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయ్యాయి. ఒకటి కాదు, అయిదు ఉత్తరాలు. ఇరవై రోజుల అనుభవమున్న గుమస్తా కూడా చెయ్యని పని.

దొర వాటిని ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. ఒకదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు. కాంతయ్య కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. తలుపు దగ్గర దాలమ్మ చీర కొంగు సర్దుకుని సిద్ధంగా ఉంది.

దొర కుర్చీ జరిపి లేచి వచ్చి కాంతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. పన్నెండేళ్ళలో నీ చేతిలో ఒక్క తప్పు చూడలేదు, నీ కళ్ళకేదో అయింది, తెలుక్ అన్సన్ పట్నం వెళ్ళి అద్దాలు పెట్టించుకో, రెండు రోజులు సెలవు తీసుకో అన్నాడు.

బయటికి వచ్చిన కాంతయ్యని దాలమ్మ అడిగింది, తిట్టినాడా అని. సెలవిచ్చాడన్నాడు కాంతయ్య. ఆమె పిల్ల మీది గుడ్డ తొలగించి చూపించింది. చిన్న ముఖం, పొడిబారిన పెదవులు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేనినీ చూడడం లేదు.

"మూడింటికి నువ్వే పేరెట్టినావు, బాబూ" అంది దాలమ్మ. "దీనికి ఒక్క తిట్టు తెచ్చి ఇవ్వనేవా?"

ఆ మాటతో కాంతయ్య వెనక్కి తిరిగాడు. దాలమ్మని రమ్మని సైగ చేసి, తలుపు తట్టి, దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొత్తం చెప్పేశాడు. పెంట, తవుడు, కంచె, కార్బన్ కాగితాలు, అన్నీ. తన భక్తికి ఇదంతా సమ్మతమో కాదో తనకే తెలియదనీ, రాముణ్ణి నమ్మినవాడు యముణ్ణి మోసం చెయ్యచ్చా అని రెండు రోజులుగా తనకి నిద్ర పట్టడం లేదనీ కూడా చెప్పాడు. దొర అంతా విన్నాడు. ముందు పోయిన ముగ్గురి పేర్లూ అడిగాడు. చిరంజీవి అంటే అర్థమేమిటని అడిగాడు. కాంతయ్య చెప్పాక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తరవాత, తనవల్ల కాదన్నాడు. ఎదిగిన మనిషి ఉండవలసిన బుద్ధి లేకుండా ప్రవర్తిస్తే అనే మాట అది. ఈ పిల్లకి ఇంకా తెలివితక్కువ పని చేసే అవకాశమే రాలేదు, ఏ ముఖం పెట్టుకుని అననూ అని అడిగాడు.

"తప్పు చెయ్యలేదనేగా, సార్, యముడు తీసుకుపోతున్నాడు" అన్నాడు కాంతయ్య.

దొర లేచాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు, జెండాకి వందనం చెయ్యబోతున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. దాలమ్మ పిల్లని ఎత్తిపట్టింది. దొర గొంతు సవరించుకుని, "నింకంపూప్" అన్నాడు.

దాలమ్మ కాంతయ్య వంక చూసింది. "ఇదేటి బాబూ, జోల పాడతన్నాడు? కసరమను."

కాంతయ్య ఆ మాటని వీలైనంత మర్యాదగా ఇంగ్లీషులో పెట్టాడు. దొర మళ్ళీ అన్నాడు. ఈసారి కొంచెం గట్టిగా, కానీ చివర్లో గొంతు వణికింది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. కింది మెట్ల నుంచి ఎక్కితే బాగుంటుందేమోనని కాంతయ్య సలహా ఇచ్చాడు. దొర డఫర్ అన్నాడు, బూబీ అన్నాడు, ట్విట్ అన్నాడు. క్లాట్ దగ్గరికి వచ్చేసరికి నుదుటికి చెమట పట్టింది. పెరట్టులో నిలబడితే నలభై మందికి చెమటలు పట్టించే మనిషి, పదిహేను రోజుల పిల్లకి ఎదురుగా నిలబడి, పాఠం అప్పజెప్పలేని బడిపిల్లవాడిలా చేతులు నలుపుకుంటున్నాడు. ప్రతి మాటా ఆయన నోట్లో పుడుతూనే మెత్తబడిపోతోంది. ఒకసారి నోరు జారి మళ్ళీ యువరాణి అనబోయాడు, కాంతయ్య దగ్గి ఆపాడు.

అప్పటికి ఆఫీసు కిటికీకి జనం మూగారు. దొర చేత దాలమ్మ తిట్టించుకుంటోందన్న వార్త తోటంతా పాకింది. లారీ ఆపుకుని తంగరాజు వచ్చాడు, ఆస్పత్రి వదిలి పళనిసామి వచ్చాడు. వాళ్ళని తోసుకుని ముందు వరసలో, కిటికీ ఊచలు పట్టుకుని, నోరు తెరుచుకుని, సన్యాసి నిలబడి ఉన్నాడు.

దొర చూపు వాడి మీద పడింది. తరవాత గోడ మీద వేలాడే ఆటుపోట్ల పట్టిక మీద పడింది. ఆ రోజు పోటు పదిన్నరకి. తరవాత గడియారం మీద పడింది. పదీ ఇరవై.

తూము దగ్గర ఎవడున్నాడని దొర అడిగాడు. సన్యాసి అటూ ఇటూ చూశాడు. అడిగింది తననేనని అప్పుడు తెలిసింది.

"నానే ఉన్నాను గదండీ" అన్నాడు.

దొర మెడనరాలు లేచాయి. తంగరాజు అలవాటుగా రెండడుగులు వెనక్కి వేశాడు. దొర ఊపిరి పీల్చుకున్నాడు, గోడ మీది పట్టిక కదిలింది. ఆ క్షణంలో అక్కడున్న అందరికన్నా దాలమ్మ వేగంగా కదిలింది. ఒక్క గెంతులో వెళ్ళి కిటికీకి అడ్డంగా నిలబడి, మొగుడి ముఖానికి ముందు పిల్లని రెండు చేతులా ఎత్తిపట్టింది. సన్యాసి కోసం బయల్దేరిన నింకంపూప్ నిండు బలంతో వచ్చి పిల్ల ముఖాన తగిలింది. దాని వెనకే ఇంకో నాలుగు కూడా వచ్చాయి. వాటిలో రెండు కాంతయ్య కూడా ఎన్నడూ విననివి.

పిల్ల పెదవి వంకర తిరిగింది. ముఖం ముడుచుకుంది, ఎర్రబడింది. రెండు రోజులుగా ఊ అనైనా అనని పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కూలీల లైన్ల ఇళ్ళదాకా వినిపించేటట్టు ఏడ్చింది.

"సాలు బాబూ, సాలు" అని దాలమ్మ దొరకి దణ్ణం పెట్టి, అక్కడే నేలమీద కూలబడి పిల్లకి పాలు పట్టింది. పిల్ల తాగింది. సన్యాసి అప్పటికే తూము వైపు పరిగెడుతున్నాడు, వాడి వెనక తంగరాజు, వాళ్ళిద్దరి వెనక టోపీ లేకుండా దొర. పోటు నీరు మొదటి కాలవ దాటకముందే తలుపు దిగింది.

జ్వరం మధ్యాహ్నానికి తగ్గింది. "మూడో డోసుకి దిగుతాదని సెప్పినాను గదా లా" అని పళనిసామి, మాట చివర మలాయ్ వాళ్ళ లా తగిలించి, కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. నూకమ్మ అతన్ని చూసి జాలిగా నవ్వింది. కాంతయ్య మందిరంలో దీపం ముందు కూర్చుని, ఎవరికి మొక్కాలో తేల్చుకోలేకపోయాడు. మందు నిజం, అది కళ్ళారా చూశాడు. మాట కూడా కళ్ళారా చూశాడు. చివరికి ఎప్పటిలాగే రాముడికి మొక్కి, కార్బన్ కాగితాల సంగతి మరొక్కసారి ఒప్పుకున్నాడు.

బారసాల నాడు పేరు పెట్టినవాడు తవుడు ఇవ్వాలని దొరకి కబురు వెళ్ళింది. ఆయన తన కోళ్ళకని తెచ్చుకున్న తవుడు బస్తా మొత్తం పంపించాడు. నూకమ్మ మండిపడింది. పనికిమాలిన పిల్లకి ఇంత ధరేమిటి, యముడు వింటే ఏమనుకుంటాడు అని, ఒక్క చేటెడు తీసుకుని బస్తా తిప్పి పంపింది. ఆ రోజు నుంచి పిల్ల నింకంపూపమ్మ అయింది. అంత పేరు నోరు తిరగక లైన్లలో అందరూ పూపమ్మ అనేవారు.

యాభై ఏడో సంవత్సరం ఆగస్టు వచ్చింది. ఆ పక్కల కంచెలు పీకేశారు. హిబ్బర్ట్ దొర అంతకు ముందు ఏడే తన దేశం వెళ్ళిపోయాడు. తోట బడికి సున్నం వేస్తున్నారు, మెర్దెకా, అంటే స్వతంత్రం, పండగకి కొత్త జెండా ఎగరెయ్యాలని. అందరూ పౌరసత్వం కాగితాలు నింపించుకోవడానికి కాంతయ్య బల్ల ముందు వరస కట్టారు. దాలమ్మ వంతు వచ్చింది. పక్కనే పూపమ్మ నిలబడి, బల్ల అంచు మీద గడ్డం ఆనించి, కలాన్నే చూస్తోంది. కాగితంలో పిల్లల పేర్లకి ఒక గడి ఉంది.

"అయిదేళ్ళు దాటినాది, ఇంక మంచిపేరు ఎట్టొచ్చని నూకమ్మ సెప్పినాది" అంది దాలమ్మ. "నువ్వే సెప్పు, బాబూ."

కాంతయ్య కలం సిరాలో ముంచాడు. ఆయనకి పేర్లు కొరవా. అమ్మవారి పేర్లు, నదుల పేర్లు, పువ్వుల పేర్లు అన్నీ వరసగా నాలిక మీదికి వచ్చాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. కలం చివర సిరా బొట్టు కట్టి, గడి మీద వేలాడింది. ఆయన చెయ్యి వెనక్కి తీశాడు.

"నీ పేరేమిటి తల్లీ?" అని పిల్లనే అడిగాడు.

ఇంతకాలం తెలిసి కూడా ఇప్పుడడుగుతాడేమిటన్నట్టు చూసింది పిల్ల. "పూపమ్మ" అంది. ఇంకో పేరు పెడదామా అంటే, అక్కర్లేదని చెప్పి మళ్ళీ గడ్డం బల్లకి ఆనించింది.

ఆ మాటకి ఇంగ్లీషు తెలిసినవాళ్ళలో ఏ అర్థముందో కాంతయ్య దాలమ్మకి మళ్ళీ ఒకసారి చెప్పాడు. ఇది సర్కారు కాగితం, చెరిగేది కాదన్నాడు. రేపు పెద్దదై తెలుక్ అన్సన్ లోనో కౌలాలంపూర్ లోనో చదువుకుంటే, నలుగురూ చూసి నవ్వుతారేమో అన్నాడు.

"నవ్వనీ, బాబూ" అంది దాలమ్మ. "ఆళ్ళు నవ్వడానికి ఇది ఉండాల గదా."

కాంతయ్య తల వంచాడు. ఆయన ఏ కాగితం మొదలుపెట్టినా పైన శ్రీరామ అని రాస్తాడు. సర్కారు కాగితం మీద అలా రాయకూడదు కాబట్టి, పాళీ తుడిచి, సిరా లేకుండా పైమూల ఆ మూడక్షరాల చోటా కలం ఆడించాడు. తరవాత పాళీ ముంచి, ఆ గడిలో, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో, ఒక్క అక్షరమూ తప్పు పోకుండా పిల్ల పేరు పూర్తిగా రాశాడు. రాసి, ఆరేదాకా మెల్లగా ఊదాడు.